యార్డు పక్కన బుద్ధాల వారి ఇల్లు

కొండ్రపాలెం జంక్షన్‌లో బుద్ధాల వారంటే తెలియని వాళ్ళు లేరు. ఎవరికైనా తెలియకపోతే వాళ్ళే వచ్చి చెప్పేవాళ్ళు.

"ఊళ్ళో అందరికీ బుద్ధి తలలో ఒక్కచోటే ఉంటుంది. మాకు తలలోనూ ఉంది, ఇంటిపేరులోనూ ఉంది" అనేవాడు ఆ ఇంటి పెద్దకొడుకు గవర్రాజు. తమ్ముడు సూరప్పడు వెనకాల నిలబడి తల ఊపేవాడు. "గట్టిగా చెప్పకండిరా, దిష్టి తగుల్తుంది" అని తల్లి పైడమ్మ మెల్లగా మందలించేది. "ఆ తెలివి చూసే కదా మావాళ్ళు నన్నిక్కడ ఇచ్చారు" అనేది గవర్రాజు పెళ్ళాం చిలకమ్మ.

అన్నదమ్ములిద్దరూ రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాళ్ళు. యార్డు పక్క సందులో కోటయ్య అనే పెద్దమనిషి పెంకుటింట్లో ఓ వాటాలో అద్దెకుండేవాళ్ళు. చేరిన రోజున కోటయ్య, "మీ సొంత ఇల్లులా చూసుకోండయ్యా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకరు ఎప్పుడూ ఎదుటి అరుగు మీద కూర్చుని ఇంటిని చూస్తూనే ఉండేవాళ్ళు. వానొస్తే గొడుగేసుకుని చూసేవాళ్ళు. లోపల పెంకులు జారి నీళ్ళు కారుతున్నా ఎవరికీ తెలిసేది కాదు, అందరి దృష్టీ బయట్నుంచి చూడ్డం మీదే ఉండేది మరి.

అలా ఉండగా ఒకరోజు కోటయ్య వచ్చి, "మా అల్లుడు ఇక్కడ కిరాణా కొట్టు పెట్టుకుంటానంటున్నాడు. వానాకాలం లోపల ఇల్లు ఖాళీ చేసి పెట్టండి" అన్నాడు.

వానాకాలం దాకా ఎందుకు, మర్నాడు పొద్దున్నే ఖాళీ చేశారు. మంచం, కుండలు, రుబ్బురోలు, చిలకమ్మ ట్రంకుపెట్టె, దండెం మీది బట్టలు, ఆఖరికి గోడకున్న మేకుల్తో సహా సందులో పెట్టేశారు. పెట్టేసి, ఖాళీ ఇంట్లోకి వెళ్ళి నలుగురూ వరసగా కూర్చున్నారు.

కోటయ్య వచ్చి చూశాడు. "ఖాళీ చేసి మళ్ళీ లోపల కూర్చున్నారేంటయ్యా?"

"ఎంత ఖాళీగా ఉందో చూస్తున్నామండి" అన్నాడు గవర్రాజు. "మాట్లాడితే మోగుతోంది కూడాను."

"ఖాళీ అంటే సామాన్లే కాదు నాయనా. మీరు కూడా."

గవర్రాజు ఆలోచించాడు. "మరి మేం వెళ్ళిపోతే ఇంటిని ఎవరు చూసుకుంటారండి?"

కోటయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ పైడమ్మకి సంగతి అర్థమైంది. ఆమెకి అన్నీ ఆలస్యంగా అర్థమవుతాయి గానీ, అర్థమైనవి గట్టిగా తగుల్తాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అద్దె వాటాల్లోనే బతికింది. ఎవరో ఒకరు వచ్చి లెమ్మంటారు, ఆమె లేస్తుంది. "సొంత గోడకి వీపానించి ఓ పూట కూర్చుంటే చాలురా నాకు" అంది కొడుకులతో. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కోటయ్య మంచివాడే. "యార్డు అవతల ప్రభుత్వం వాళ్ళు పేదలకి ఇళ్ళు కట్టిస్తున్నారు. ఎవరి పట్టా వాళ్ళు తెచ్చుకుంటున్నారు. మీరూ వెళ్ళి ఓ పట్టా తెచ్చుకోండి. వానల దాకా ఇక్కడే ఉండండి" అని దారి చెప్పాడు.

ఇంకేముంది, నలుగురూ తాడూ, గునపం పట్టుకుని యార్డుకి బయల్దేరారు.

యార్డు నిండా పట్టాలే. కొన్ని తళతళ మెరుస్తున్నాయి, కొన్ని తుప్పుపట్టి ఉన్నాయి. "మెరిసేది తీసుకుందాం" అంది చిలకమ్మ. "మెరిసేదానికి అందరూ పోటీ పడతారే. తుప్పుది తీసుకుంటే గొడవుండదు" అన్నాడు గవర్రాజు. అతని తెలివికి అందరూ సంతోషించారు. అన్నదమ్ములు పట్టాకి తాడు కట్టి ఎత్తబోయారు. రాలేదు. "ప్రభుత్వం ఇచ్చేది గట్టిగానే ఉంటుందిరా, నెమ్మదిగా లాగండి" అంది పైడమ్మ.

యార్డులో ఏ బండి ఏ లైన్లోకి పోవాలో చూసుకునే పాయింట్స్‌మన్ డేనియలు దూరం నుంచి ఇది చూశాడు. ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారిక్కడ?"

"మా పట్టా తీసుకెళ్తున్నాం" అన్నాడు సూరప్పడు. "మీకెన్ని ఇచ్చారో గానీ, మాకు ఒక్కటి చాలు."

డేనియలు రొప్పు తగ్గేదాకా ఆగాడు. తర్వాత ఒక్కొక్క మాటే విడమర్చి, ఇంటి పట్టా అంటే కాగితమనీ, దాని మీద పేరుంటుందనీ, అది ఆఫీసులో ఇస్తారు గానీ యార్డులో కాదనీ చెప్పాడు. గవర్రాజు ఓపిగ్గా విన్నాడు. విని, "కాగితం మీద ఇల్లు ఎలా నిలబడుతుంది? చిరిగిపోదూ?" అన్నాడు. డేనియలు వాళ్ళని చెయ్యి పట్టుకుని ఆఫీసు దాకా దిగబెట్టి వచ్చాడు.

ఆఫీసులో కామేశం అనే ఇంజనీరు ఉన్నాడు. కాలనీలో ఇళ్ళన్నీ ఆయన చేతిమీదే కట్టిస్తున్నారు. ఆయన్ని ఇంజనీరు గారని పిలవడం వినగానే సూరప్పడు బయటికి పోయి ఓ బకెట్టు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇదేంటి?"

"ఇంజను నీరు గారు కదా మీరు. నీరు తెచ్చాను, ఇంజనెక్కడుందో చెప్తే పోసొస్తాను."

కామేశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత పైడమ్మ పేరు మీద పట్టా ఇచ్చి, యార్డు గోడ పక్కనే స్థలం చూపించాడు. సిమెంటూ, ఇనుమూ, ఇటుకా ప్రభుత్వానివి, దాలయ్య అనే మేస్త్రీ వచ్చి కడతాడు, కూలిపని మాత్రం ఇంటివాళ్ళే చేసుకోవాలి అన్నాడు. "ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. వానలు మొదలయ్యేలోపు పని పూర్తవ్వాలి. ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా స్థలం చేజారిపోతుంది. వేరేవాళ్ళు కాచుకునున్నారు. ముందు ముగ్గు పోయించుకోండి. ముగ్గు పోసిన చోటల్లా పునాది తవ్వండి."

అంతే. సూరప్పడు వెళ్ళి స్థలం మధ్యలో బోర్లా పడుకుని రెండు చేతుల్తో గడ్డి పట్టుకున్నాడు. అన్నం కూడా అక్కడే పెట్టమన్నాడు. వదిన నోట్లో ముద్దలు పెడుతుంటే తిన్నాడు. ఎవరైనా పలకరిస్తే, "నా చెయ్యి ఖాళీ లేదు, జారిపోద్ది" అనేవాడు.

మిగిలింది ముగ్గు. చిలకమ్మకి ముగ్గులంటే ప్రాణం. పిండి చాలదని సున్నం కూడా కలుపుకుంది. మధ్యలో పద్మం వేసింది, చుట్టూ తీగలు అల్లింది, నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు వేసింది. సూరప్పడు అడ్డంగా పడుకున్నచోట వాడి చుట్టూ తీగ తిప్పుకొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకుంటున్న ఆడవాళ్ళొచ్చి చూసి, "ఎంత బాగా వేశావమ్మా" అన్నారు. చిలకమ్మ సిగ్గుపడింది.

ఇంజనీరు గారి మాట ప్రకారం గవర్రాజు గునపం తీసుకుని, ముగ్గున్న చోటల్లా తవ్వేశాడు. నెమలి పింఛాలు తవ్వడానికే ఎక్కువ కష్టపడ్డాడు.

మేస్త్రీ దాలయ్య సామాను భుజానేసుకుని వచ్చాడు. ఒడ్డున నిలబడి లోపలికి చూశాడు. పక్కింటి వాళ్ళ మేక ఒకటి పద్మంలో పడి అరుస్తోంది.

"ఇందులో వంటిల్లెక్కడొస్తుంది?" అన్నాడు.

"ఆ మూల నెమలి కడుపులో" అంది చిలకమ్మ. "తోకలో పడుకుంటాం. పొడుగు కదా."

దాలయ్య సామాను కింద దించాడు. మేకని పైకి తీశాడు. సూరప్పణ్ణి లేపాడు. నెమళ్ళనీ పద్మాన్నీ వాళ్ళ చేతే పూడ్పించి, దారం కట్టి నలుచదరంగా నాలుగు గీతలు గీశాడు. "ఇంత బోసిగానా" అని చిలకమ్మ రెండ్రోజులు బాధపడింది.

పునాది లేస్తుండగా మేస్త్రీ మాటల్లో పైడమ్మతో అన్నాడు, "పేదోళ్ళం కదా పిన్నీ. కడుపు కట్టుకుంటేనే మనం ఇల్లు కట్టుకోగలం."

మర్నాడు పొద్దున దాలయ్య వచ్చేసరికి నలుగురూ కర్రల్లా నిటారుగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ వంగడంలేదు. ఇటుకలు కిందే ఉన్నాయి.

"ఏమైంది, నడుం పట్టేసిందా?"

"లేదు మేస్త్రీ" అన్నాడు గవర్రాజు బిగపట్టిన గొంతుతో. "నువ్వు చెప్పినట్టే కట్టుకున్నాం." చొక్కా ఎత్తి చూపించాడు. గోనెబస్తాలు కుట్టే పురికొస కడుపు చుట్టూ చుట్టి ఉంది. "అమ్మది వదులుగా ఉందేమోనని అనుమానం. కొంచెం చూడు."

దాలయ్య కత్తి తీసి నలుగురి తాళ్ళూ కోసేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళ ముందు మాట్లాడేటప్పుడు ఒక్కోసారి సగంలో ఆగి, ఆలోచించుకుని, మిగతాది మింగేసేవాడు. కానీ కామేశం గారికి ఆ సంగతి తెలియదు కదా.

ఆయన ఒకరోజు కాలనీ చూడ్డానికి వచ్చాడు. అందరి గోడలూ లేచాయి, వీళ్ళవి మోకాలెత్తు దాటలేదు. "ఇలాగైతే ఎలా? ఎల్లుండి మళ్ళీ వస్తాను. ఆలోపల మీ పని పట్టాలెక్కాలి" అని కసిరి వెళ్ళిపోయాడు.

"విన్నావా అన్నయ్యా" అన్నాడు సూరప్పడు. "మనం ఇన్నాళ్ళూ నేల మీద చేస్తున్నాం. అందుకే సాగట్లేదు."

ఇంకేముంది, మేస్త్రీ టీకి వెళ్ళిన సమయం చూసి, యార్డు గోడ విరిగిన చోటునుంచి ఇటుకలు, ఇసుక గంపలు, సిమెంటు తట్టలు అన్నీ పట్టాల మీదికి చేర్చేశారు. గవర్రాజు ఇసుకా సిమెంటూ పోసి మాలు కలిపాడు. సూరప్పడు పట్టాకి అడ్డంగా వరస కట్టడం మొదలెట్టాడు. నిజంగానే పని ఎప్పుడూ లేనంత వేగంగా సాగింది. అదే లైన్లో దూరంగా గూడ్స్ బండి వస్తోంది.

డేనియలు ఎర్రజెండా ఊపుతూ ఎదురు పరిగెత్తాడు. డ్రైవరు చూశాడు కాబట్టి సరిపోయింది. బండి కీచుమంటూ వచ్చి, పట్టాల మీది గోడకి కాస్త దూరంలో ఆగింది. వెనక వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఊరంతా మోగిపోయింది.

"కాస్త పక్కనుంచి పోనివ్వండి బాబూ" అన్నాడు సూరప్పడు డ్రైవరుతో. "మాలు ఇంకా ఆరలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. యార్డు అధికారులు వచ్చారు. పట్టాల మీద ఇంకొక్క ఇటుక కనిపించిందంటే కాలనీ పనే మొత్తం ఆపించేస్తామని చెప్పి వెళ్ళారు. కాలనీ వాళ్ళందరూ బుద్ధాల వారి చుట్టూ చేరారు. "మీ మూలంగా మా కొంపలన్నీ పోయేలా ఉన్నాయి" అంది పక్కింటి ఆదెమ్మ, చంకలో బిడ్డని సర్దుకుంటూ. గవర్రాజుకి తన తప్పేంటో అర్థం కాలేదు, కానీ అమ్మ ముఖం చూసి తల దించుకున్నాడు.

పైడమ్మ గుంపులోంచి బయటికి నడిచింది. పట్టాల దగ్గరికెళ్ళి డేనియలు చూస్తుండగా ఇటుకలు ఒడిలో వేసుకుని మోసుకొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. కొడుకులు సాయం రాబోతే వద్దంది. చివరి ముక్క కూడా ఏరుకొచ్చాక ఆదెమ్మ ముందు నిలబడి, "నా పిల్లలు చెడ్డవాళ్ళు కాదమ్మా. చెప్పిన మాట వింటారు, అదే వాళ్ళ జబ్బు. ఇంక వాళ్ళ కాలు పట్టా మీద పడదు, నాది పూచీ" అంది. ఆదెమ్మ కోపం సగం దిగిపోయింది. ఆమె కూడా వచ్చి రెండు గంపల ఇసుక మోసింది.

పైడమ్మ ఇచ్చిన మాట గవర్రాజు ఎంతగా పట్టించుకున్నాడంటే, ఆఫీసులో ఇచ్చిన పట్టా కాగితాన్ని కూడా ఎవరి కాలూ పడకుండా ఎత్తుగా వెదురు కర్రకి కట్టేశాడు.

గోడలు లేచాయి. లేచిన రోజే పైడమ్మ వెళ్ళి ఓ గోడకి వీపానించి కూర్చుంది. మాలు పచ్చిగా ఉంది, చీరంతా సిమెంటైంది. ఎవరెంత లెమ్మన్నా లేవలేదు. "లెమ్మనే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు" అంది. దాలయ్య కూడా, "పోనీలే, కూర్చోనీండి, ఆ రెండిటుకలూ మళ్ళీ సర్దుతాను" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ మాత్రం నోరు జారాడు. "పొద్దునా సాయంత్రం గోడలకి బాగా నీళ్ళు తాగించండి. లేకపోతే పగుళ్ళిస్తాయి."

అంతే. సాయంత్రం నుంచి చిలకమ్మ గ్లాసు పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. "ఒక్క గుక్క తాగమ్మా. మంచి గోడవి కదూ. చూడు, పక్కగోడ ఎంత బుద్ధిగా తాగిందో" అని బతిమాలింది. నీళ్ళు కిందకి కారిపోయాయి. "చల్లటివి పడట్లేదేమో" అని సూరప్పడు వేణ్ణీళ్ళు కాచి తెచ్చాడు. అవీ తాగలేదు. "పాపం, మేస్త్రీ దీనికి నోరు పెట్టడం మర్చిపోయాడు" అని గవర్రాజు గునపంతో గోడకి ఓ నోరు తవ్వుతుండగా దాలయ్య వచ్చి పడ్డాడు. ఆ కన్నం ఉంచేసి కిటికీ పెట్టాల్సొచ్చింది. ఇప్పటికీ ఆ ఇంటికి ఒక కిటికీ ఎక్కువ.

ఆకాశంలో మబ్బులు కనిపించడం మొదలైంది. కామేశం గారొచ్చి చూసి, కొంచెం మెత్తబడ్డాడు. "గోడలు బాగానే వచ్చాయి. ఇంక పైన కప్పు పడాలి. శుక్రవారం వస్తాను. ఇంటి మీద కప్పు కనిపిస్తే సరే. లేకపోతే నేనేం చెయ్యలేను, స్థలం ఇంకొకరికి రాసేస్తాను."

చిలకమ్మ స్టేషను బజారుకి వెళ్ళి ఏరి ఏరి ఓ కప్పు కొనుక్కొచ్చింది. తెల్లటిది, అంచుకి నీలం పువ్వులు. సూరప్పడు నిచ్చెనేసుకుని ఎక్కి గోడ మీద పెట్టాడు. కింద నుంచి నలుగురూ చూసుకుని మురిసిపోయారు.

శుక్రవారం కామేశం వచ్చాడు. "కప్పేది?"

"అదిగోనండి" అని చూపించింది పైడమ్మ.

కామేశం కళ్ళజోడు సర్దుకుని పైకి చూశాడు. "దీంతో వాన ఎలా ఆగుతుందమ్మా? కప్పంటే ఇల్లంతటినీ మూసేలా ఉండాలి" అన్నాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ" అని గవర్రాజు తమ్ముణ్ణి పంపించాడు. సూరప్పడు స్టేషనులో టీ కొట్లన్నీ తిరిగి, బుద్ధాల వారి ఇంటికోసమని బతిమాలి, గంప నిండా కప్పులు తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ గోడల మీద వరసగా బోర్లించడం మొదలెట్టారు. మధ్యలో ఎలా నిలబెట్టాలన్న దగ్గర ఆగిపోయి, ఇంజనీరు గారినే సలహా అడిగారు. ఈలోపు టీ లేని ప్యాసింజర్లు, కప్పుల్లేని కొట్లవాళ్ళు వెతుక్కుంటూ కాలనీకి వచ్చేశారు.

కామేశం నవ్వాపుకోలేక ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. ఆ నవ్వులోనే ఆయన మనసు మారింది. గడువు నాలుగు రోజులు పెంచి, దాలయ్యకి చెప్పి, చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిచాడు. ఆదెమ్మ మొగుడూ, టీ కొట్లవాళ్ళూ, డ్యూటీ దిగిన డేనియలూ అందరూ చెయ్యేసి శ్లాబు పోసేశారు. అంత పనిలోనూ దాలయ్య బుద్ధాల వారిని ఓ పక్కన కూర్చోబెట్టి, "మీరు ఏమీ చెయ్యకండి" అన్నాడు. వాళ్ళు ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటూ కూర్చున్నారు.

ఇంకా గుమ్మం, తలుపు మిగిలాయి. అవి ఆలస్యంగా వచ్చాయి. దాలయ్య గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం గుమ్మం బిగించి, తలుపు తగిలించి, "పక్కల సిమెంటు ఆరాలి, కదపకండి" అని చెప్పి వెళ్ళాడు.

అప్పుడే యార్డులో ఇంజను వ్యాగన్లని గుద్దింది. ఇల్లు సన్నగా అదిరింది. గవర్రాజు కంగారుగా యార్డు గోడ దగ్గరికెళ్ళాడు. డేనియలు గోడ అవతలే ఉన్నాడు.

"యార్డు పక్కన ఇల్లంటే అంతే గవర్రాజూ" అన్నాడు డేనియలు. "బండి కదిలినప్పుడల్లా ఇల్లూ కదులుతుంది. గట్టిగా కట్టుకున్నారు కాబట్టి భయం లేదు."

గవర్రాజు వెనక్కొచ్చి తల్లికి చెప్పాడు. "అమ్మా, బండితో పాటు మన ఇల్లు కూడా కదుల్తుందట. గట్టిగా కట్టుకుంటే భయం లేదన్నాడు డేనియలు. మనం ఇంతవరకూ ఒక్క తాడు కూడా కట్టలేదు."

పైడమ్మ గభాలున లేచింది. ఇన్నాళ్ళకి దొరికిన ఇల్లు. ఏ బండి వెనకాలో వెళ్ళిపోతే ఎక్కడని వెతుక్కునేది? "కట్టండిరా. దేనికైనా కదలనిదానికి కట్టండి" అంది.

గూడ్స్ షెడ్డు నుంచి లావుపాటి మోకుతాడు తెచ్చారు. ఒక కొస గుమ్మానికి బిగించారు. రెండో కొస దేనికి? చుట్టూ చూశారు. చెట్టు లేదు, స్తంభం లేదు. విరిగిన గోడ అవతల, పక్క లైన్లో ఓ పాత వ్యాగన్ల వరస ఉంది. వాళ్ళు ఈ స్థలానికి వచ్చిన దగ్గర్నుంచీ అది అక్కడే ఉంది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. "అదీ కదలని వస్తువంటే" అన్నాడు గవర్రాజు. అమ్మ ఇచ్చిన మాట తప్పకుండా, పట్టా మీద కాలు పెట్టకుండా, సూరప్పడు వంగి చివరి వ్యాగను కొక్కేనికి మోకు ముడేశాడు. నలుగురూ ఇంటి ముందే నిశ్చింతగా పడుకున్నారు.

తెల్లవారింది. పంతులుగారు ముందే చెప్పి ఉన్నారు, మధ్యాహ్నం లోపల ముహూర్తమనీ, గుమ్మంలోంచి కుడికాలు పెట్టి లోపలికెళ్ళి పాలు పొంగించుకోమనీ. పైడమ్మ కొత్త చీర కట్టుకుంది. చిలకమ్మ పాలగిన్నె పట్టుకుంది. ఆదెమ్మా వాళ్ళూ అందరూ వచ్చారు. గుమ్మం ముందుకి చేరి పైడమ్మ కుడికాలు ఎత్తింది.

సరిగ్గా అప్పుడే అవతల ఇంజను కూత వేసి, పాత వ్యాగన్ల వరసని లాక్కుని కదిలింది.

మోకు బిగిసింది. గుమ్మం, తలుపుతో సహా, గోడలోంచి పన్ను ఊడినట్టు ఊడి, పైడమ్మ ఎత్తిన కాలి ముందునుంచే యార్డు గోడ విరిగిన చోటు దాటి వెళ్ళిపోయింది. వెనక నుంచి గార్డు చూసి బండి ఆపించాడు. లైను మీద వదిలితే ప్రమాదం, మోసుకొచ్చి ఇచ్చే టైము లేదని, మోకు విప్పి, గుమ్మాన్ని ఖాళీ వ్యాగన్లోకి ఎత్తించాడు. పై స్టేషను ఉప్పలగుట్ట యార్డులో దింపుతాం, వచ్చి తీసుకోండని కేకేసి వెళ్ళిపోయాడు.

అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. గవర్రాజు ఒక్కడే ఊపిరి పీల్చుకున్నాడు. "చూశావా అమ్మా, కట్టబట్టి ఇల్లు మిగిలింది. లేకపోతే మొత్తం పోయేది."

"పోనీలే పైడమ్మా, ఇంత పెద్ద దారుంది, ఇందులోంచే వెళ్ళు" అంది ఆదెమ్మ.

"అది కన్నం. కన్నంలోంచి దొంగలు వెళ్తారు" అంది పైడమ్మ. "పంతులుగారు గుమ్మంలోంచి వెళ్ళమన్నారు. గుమ్మం ఎక్కడుంటే అక్కడికే వెళ్ళాలి."

ఇంకేముంది, నలుగురూ పాలగిన్నె, బెల్లం, బియ్యం, నాలుగు పుల్లలు పట్టుకుని ఉప్పలగుట్ట ప్యాసింజరెక్కారు. పాలు తొణక్కుండా చిలకమ్మ దారంతా నిలబడే వచ్చింది.

ఉప్పలగుట్టలో గూడ్స్ గుమాస్తా జగ్గారావు అప్పటికే గుమ్మాన్ని దింపించి, గూడ్స్ షెడ్డు వెనక ఖాళీ జాగాలో రెండు రాళ్ళు దన్ను పెట్టి నిలబెట్టించాడు. చుట్టూ ఏమీ లేదు. ఎండిన గడ్డీ, పైన మబ్బులూ. వీళ్ళు రాగానే, "మీదేనా? తీసుకెళ్ళండి" అని చెప్పి వేరే పని చూసుకోవడానికి వెళ్ళాడు.

ముహూర్తం ఇంకా దాటలేదు. పైడమ్మ గుమ్మానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. దణ్ణం పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. వెనకాల కొడుకులు, కోడలు. చిలకమ్మ మూడు రాళ్ళు పేర్చి పాలు పొంగించింది. పాలు పొంగుతుంటే పైడమ్మకి కళ్ళనీళ్ళాగలేదు. "ఇన్నాళ్ళకి సొంతింట్లో అడుగుపెట్టామర్రా" అంది. గవర్రాజు వెళ్ళి తలుపేసి గడియ పెట్టాడు. అందరూ కింద కూర్చుని పరమాన్నం తిన్నారు.

కాసేపటికి జగ్గారావు వచ్చాడు. ఇంకా వెళ్ళలేదేమని అడగడానికి తలుపు పక్కనుంచి తిరిగి వాళ్ళ దగ్గరికి రాబోయాడు. చిలకమ్మ గబుక్కున కొంగు సర్దుకుని లేచింది.

"గోడలోంచి వస్తారేంటండీ, ఆడవాళ్ళం ఉన్నాం ఇంట్లో" అంది.

జగ్గారావు ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. ఎందుకో ఆయన కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. మళ్ళీ తలుపు ముందుకు వచ్చి నిలబడి, "సాయంత్రం ఇక్కడ సరుకు దింపాలి. దయచేసి ఈ తలుపు తీయండి" అన్నాడు.

గవర్రాజు లోపల్నుంచి గడియ తీసి తలుపు బార్లా తెరిచాడు. "తీశానండి. రండి, కూర్చోండి. పరమాన్నం ఉంది."

జగ్గారావు నోరు తెరిచాడు. ఈలోపు మబ్బు పట్టి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. బుద్ధాల వారి తలల మీదా, పాలగిన్నెలోనూ టపటపా పడుతున్నాయి.

"అయ్యో, బయట నిలబెట్టావేంట్రా ఆయన్ని. తడిసిపోతున్నారు" అంది పైడమ్మ. "లోపలికి రండి బాబూ, వాన తగ్గాక వెళ్దురుగాని."

జగ్గారావు చెప్పులు గుమ్మం బయట విడిచి, తల వంచుకుని, గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. సూరప్పడు జల్లు కొట్టకుండా తలుపేశాడు.